షేక్స్‌పియర్ వాక్యాన్ని విడదీయడం ఎలా? ప్లస్ త్రీ (డిగ్రీ) పిల్లలకు పాత ఇంగ్లిష్ వ్యాకరణం చెప్పడానికి సలహాలు కావాలి

మహేంద్రతనయ (పర్లాకిమిడి) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో ప్లస్ త్రీ ఇంగ్లిష్ ఆనర్స్ పిల్లలు కొందరికి సాయంత్రం పూట పాఠాలు చెబుతాను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీకొచ్చాక ఇంగ్లిష్. అందరిదీ ఇదే దారి. ఇప్పటి ఇంగ్లిష్ నవల ఇస్తే చదివేస్తారు. హామ్లెట్, మాక్‌బెత్, సానెట్లు (పద్నాలుగు పంక్తుల పద్యాలు) ఇస్తే మాత్రం వాక్యం వాక్యం దగ్గరా ఆగిపోతారు. పేజీ అడుగున మాటలకు అర్థాలు ఉంటాయి, అవన్నీ చూసుకున్నాక కూడా వాక్యం విడిపడదు. కాబట్టి చిక్కు పదాల్లో లేదు, వ్యాకరణంలోనే ఉంది.

ముఖ్యంగా మూడు చోట్ల తడబాటు. దౌ, దీ, దై, యూ వీటిలో ఏది ఎప్పుడు వాడతారు, ఒకే మనిషితో మాట్లాడుతూ మధ్యలో ఎందుకు మారుస్తారు? కర్త ఒకచోట, క్రియ ఇంకోచోట ఉన్నప్పుడు ఎటునుంచి పట్టుకోవాలి? 'ఆర్ ఫ్లెడ్', 'ఈజ్ కమ్' లాంటివి చూసి కర్మణి ప్రయోగం అని రాసేస్తున్నారు. 'ఇఫ్' తర్వాత 'బి' కనిపిస్తే అచ్చుతప్పు అనుకుంటున్నారు. దీన్నెలా సరిచెయ్యాలి?

ఇప్పటి ఇంగ్లిష్‌లోకి మార్చి ఇచ్చే గైడ్లు మాత్రం చెప్పకండి. అవి చదివి కథ గడగడా అప్పజెబుతారు, సందర్భ వ్యాఖ్య రాయమంటే మూలంలోని ఒక్క పంక్తి కూడా ముట్టుకోరు.

బరంపురం పాఠకురాలు

మహేంద్రతనయ గారూ, సర్వనామాలతోనే మొదలుపెట్టండి. మన పిల్లలకు అన్నిటికంటే తొందరగా పట్టుబడేది అదే, నాటకం రుచి తెలిసేదీ అక్కడే.

ముందు రూపాలు. దౌ అంటే నువ్వు, కర్త. దీ అంటే నిన్ను, నీకు. దై అంటే నీ. దైన్ రెండు పనులు చేస్తుంది. విడిగా నిలబడితే 'నీది' అని అర్థం. తర్వాతి మాట అచ్చుతో మొదలైతే దై స్థానంలో దైన్ వస్తుంది. మై, మైన్‌లదీ ఇదే పద్ధతి. అందుకే 'మైన్ ఐస్' అని కనిపిస్తే 'నా కళ్లు' అనే రాయాలి, 'నావి' అని కాదు. అచ్చు ముందు నకారం నిలబడటం తెలుగులో ద్రుతం చదివినవాళ్లకు కొత్త కాదు, ఒక్కసారి చెబితే చాలు. యీ (మీరు) ఒకప్పుడు కర్త, యూ (మిమ్మల్ని) కర్మ. షేక్స్‌పియర్ నాటికి ఆ తేడా చెరిగిపోయి యూ రెండుచోట్లా వచ్చింది.

దౌ వచ్చిందంటే క్రియ చివర 'స్ట్' చేరుతుంది. 'వస్తావు'లో 'వు' చూసి కర్త నువ్వు అని మనం పోల్చుకున్నట్టే, హాస్ట్, కాన్‌స్ట్, డిడ్‌స్ట్ చూడగానే కర్త దౌ అని పోల్చుకోవచ్చు. కొన్నిటికి 'ట్' ఒక్కటే: ఆర్ట్, విల్ట్, షాల్ట్. మస్ట్‌కి ఏమీ చేరదు. పిల్లలు ఎక్కువగా జారేది హాస్ట్, హాత్‌ల దగ్గర. హాస్ట్ నువ్వుకి, హాత్ అతను, ఆమె, అది వీటికి. ఈ ఒక్క తేడా స్థిరపడితే సగం వాక్యాల్లో కర్త దానంతటదే దొరుకుతుంది.

ఇక మర్యాద సంగతి. మన జిల్లాల పిల్లలకు ఒడియాలో తు, తుమె, ఆపణ అని మూడు మెట్లు తెలుసు కాబట్టి 'రెండు మెట్లున్న ఇంగ్లిష్' అంటే వెంటనే ఊహకు అందుతుంది. పైవాళ్లు కిందివాళ్లతో, ప్రేమికులు ఒకరితో ఒకరు, కోపంలో తిట్టేవాళ్లు, దేవుణ్ని ప్రార్థించేవాళ్లు, ఎదురుగా లేనివాళ్లనో దయ్యాన్నో పిలిచేవాళ్లు దౌ అంటారు. కిందివాళ్లు పైవాళ్లతోనూ, పెద్దింటివాళ్లు తమలో తాము మామూలుగా మాట్లాడుకునేటప్పుడూ యూ అంటారు. 1603లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహ విచారణ జరిగినప్పుడు ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్ నిండు సభలో 'ఐ దౌ దీ, దౌ ట్రెయిటర్' అన్నాడు. దౌ అనే మాటనే క్రియగా వాడి, నిన్ను నువ్వనే అంటానురా ద్రోహీ అన్నాడన్నమాట. ఆ మాటకు ఎంత పదునుందో చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

అయితే మన తెలుగు అలవాటు ఒకచోట దారి తప్పిస్తుంది. హామ్లెట్ 3వ అంకం 4వ రంగం తీయండి. రాణి కొడుకుతో అంటుంది: 'హామ్లెట్, దౌ హాస్ట్ దై ఫాదర్ మచ్ అఫెండెడ్.' కొడుకు జవాబు: 'మదర్, యూ హావ్ మై ఫాదర్ మచ్ అఫెండెడ్.' మనం అమ్మను నువ్వు అంటాం కాబట్టి, ఇక్కడ హామ్లెట్ అమ్మను మీరు అని దూరం పెడుతున్నాడని పిల్లలు రాసేస్తారు. అది సరికాదు. ఆ కాలంలో పెద్దింట కొడుకు తల్లిని యూ అనడం మామూలు మర్యాదే. హామ్లెట్ దెబ్బ కొట్టింది సర్వనామంతో కాదు, దై ఫాదర్‌ని మై ఫాదర్‌గా తిప్పి. ఆమె ఉద్దేశించిన తండ్రి క్లాడియస్ (చనిపోయిన రాజు తమ్ముడు, రాణి మళ్లీ పెళ్లాడినవాడు), అతను ఉద్దేశించిన తండ్రి చనిపోయిన రాజు. మారింది రాణి మాట. వెంటనే 'కమ్, కమ్, యూ ఆన్సర్ విత్ ఏన్ ఐడిల్ టంగ్' అంటుంది. దౌ పోయి యూ వచ్చింది, అంటే చనువు తీసేసింది. కాసేపటికి హామ్లెట్ ఆమెను కదలనివ్వకుండా కూర్చోబెట్టగానే, భయంతో 'వాట్ విల్ట్ దౌ డూ? దౌ విల్ట్ నాట్ మర్డర్ మి?' అని అరుస్తుంది. ప్రాణం మీదికొచ్చేసరికి దౌ తిరిగొచ్చింది. కొన్ని పంక్తుల్లోనే తల్లి మనసు మూడు స్థితుల్లోంచి పోవడం వ్యాకరణమే చూపిస్తోంది. ఏ గైడూ దీన్ని అందించలేదు, ఎందుకంటే ఇప్పటి ఇంగ్లిష్‌లో అన్నీ యూలే.

ఇదే పని లియర్ రాజు మొదటి రంగంలోనూ చేయించండి. చిన్న కూతురు కార్డీలియాను మొదట యూ అంటాడు, 'మెండ్ యువర్ స్పీచ్ ఎ లిటిల్' అని హెచ్చరించేదాకా అదే మర్యాద. ఆమె ఒప్పుకోకపోయేసరికి 'బట్ గోస్ దై హార్ట్ విత్ దిస్?' అంటాడు. అక్కణ్నుంచి దై.

పిల్లలకు రెండు రంగుల పెన్సిళ్లు ఇచ్చి ఒక్క రంగంలో దౌ కుటుంబం అంతా ఎరుపుతో, యూ కుటుంబం నీలంతో గీత గీయమనండి. రంగు మారినచోట రెండే ప్రశ్నలు: ముందు మార్చింది ఎవరు, దానికి సరిగ్గా ముందు ఏం జరిగింది. సందర్భ వ్యాఖ్యకు కావలసిన సరుకు అక్కడే ఉంటుంది.

గుణుపురం మాస్టారు

పాఠకురాలు గారు చెప్పినదానికి నేను కలిపేదేమీ లేదు. వాక్యం విడదీయడం గురించి చెబుతాను.

మన పిల్లలకు ఈ విద్య వచ్చు, వచ్చని తెలియదు, అంతే. భాగవత పద్యానికి అన్వయం ఎలా చేస్తాం? క్రియ పట్టుకుని, ఎవరు అని అడిగి, దేన్ని, ఎవరికి, ఎట్లా అని అడుగుతూ పోతాం. పద్యపాదం ఎక్కడ విరిగిందో చూడం, వాక్యం ఎక్కడ ముగిసిందో చూస్తాం. షేక్స్‌పియర్‌కీ మిల్టన్‌కీ అచ్చంగా ఇదే. పద్యంలో మాట ముందువెనకలవడం దోషం కాదని తెలుగు చదువుకున్నవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఇబ్బంది ఎక్కడంటే, తెలుగులో ను, కు, చేత ఉంటాయి కాబట్టి మాట ఎక్కడున్నా దాని పని తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో ఆ ప్రత్యయాలు లేవు. సర్వనామాలకు మాత్రం మిగిలాయి. ఉన్న ఆ ఆధారాన్ని వదలకూడదు.

మిల్టన్ కావ్యం పారడైజ్ లాస్ట్ (1667) మొదటి సర్గలో సైతాను పతనం ఇలా మొదలవుతుంది: 'హిమ్ ది ఆల్మైటీ పవర్ / హర్ల్‌డ్ హెడ్‌లాంగ్.' వాక్యం హిమ్‌తో మొదలైంది. హీ కాదు, హిమ్. అంటే వాణ్ని. వాణ్ని సర్వశక్తిమంతుడు తలకిందులుగా విసిరేశాడు. 'మ్' ఒక్కటి చూసుకుంటే కర్మ తేలిపోయింది. ఆ కావ్యం మొట్టమొదటి వాక్యంలో ప్రధాన క్రియ 'సింగ్' ఆరో పంక్తికి గానీ రాదు. మొదటి పంక్తి నుంచి మాటకు మాట అర్థం రాసుకుంటూ పోయేవాళ్లు మూడో పంక్తికి దారి తప్పుతారు. ముందు ఆరో పంక్తికి వెళ్లి క్రియ పట్టుకుని వెనక్కి రావాలి.

నామవాచకాలే ఉన్నప్పుడు ఏం చెయ్యాలో ఒథెల్లో 3వ అంకం 4వ రంగంలో చూడండి: 'దట్ హ్యాండ్‌కర్చీఫ్ / డిడ్ ఏన్ ఈజిప్షియన్ టు మై మదర్ గివ్.' క్రియ రెండు ముక్కలైంది, డిడ్ ఒకచోట, గివ్ చివర. రెండూ కలపండి, గేవ్. ఎవరిచ్చారు? రుమాలు ఇవ్వలేదు కదా, ఈజిప్షియన్. దేన్ని? రుమాలుని. ఎవరికి? టు ఉంది కాబట్టి అమ్మకి. డిడ్ పక్కనే వచ్చినదాన్ని ముందు కర్త అనుకుని చూడండి, చాలాచోట్ల సరిపోతుంది.

రాతలో మూడు మెట్లు పెట్టండి. మొదట మూలం పక్కన క్రియల కింద రెండేసి గీతలు. తర్వాత అవే మాటలు, ఒక్కటీ మార్చకుండా, ఇప్పటి ఇంగ్లిష్ వరసలో పేర్చి రాయడం. ఆ తర్వాతే తెలుగు. రెండో మెట్టు దాటించి నేరుగా తెలుగులోకి పోనివ్వకండి. తెలుగులో ఏ వరసలో చెప్పినా వాక్యం నిలబడుతుంది, అందుకని కర్తా కర్మా తారుమారైనా పిల్లలకు తెలియదు, మీకూ దొరకదు. ఇంగ్లిష్ వరసలో పేర్చమంటే తప్పు అక్కడే బయటపడుతుంది.

116వ సానెట్ దీనికి మంచి సాధన. 'లెట్ మీ నాట్ టు ద మారేజ్ ఆఫ్ ట్రూ మైండ్స్ / అడ్మిట్ ఇంపెడిమెంట్స్.' మొదటి పంక్తి చివర ఆగిన పిల్లవాడు 'నన్ను పెళ్లికి రానివ్వకండి' అని రాస్తాడు. క్రియ అడ్మిట్ రెండో పంక్తిలో ఉంది. పేర్చితే: లెట్ మీ నాట్ అడ్మిట్ ఇంపెడిమెంట్స్ టు ద మారేజ్ ఆఫ్ ట్రూ మైండ్స్. నిజమైన మనసుల పెళ్లికి అడ్డంకులున్నాయని నేను ఒప్పుకోను. వెంటనే వచ్చే 'లవ్ ఈజ్ నాట్ లవ్ / విచ్ ఆల్టర్స్ వెన్ ఇట్ ఆల్టరేషన్ ఫైండ్స్' చూడండి. విచ్ మొదటి లవ్‌కి చెందింది, మధ్యలో ఈజ్ నాట్ లవ్ వచ్చి కూర్చుంది. మార్పు కనబడగానే మారిపోయే ప్రేమ ప్రేమ కాదు. 'ఇట్ ఆల్టరేషన్ ఫైండ్స్' అయితే కర్త, కర్మ, క్రియ వరసలో అచ్చం మన వాక్యమే.

ఒక వాక్యంలో రెండు క్రియలుండి వాటిని కలిపే మాట కనపడకపోతే, హు గానీ దట్ గానీ ఎగిరిపోయిందేమో చూడండి. మెజర్ ఫర్ మెజర్‌లో ఇసబెల్లా 'ఐ హావ్ ఎ బ్రదర్ ఈజ్ కండెమ్డ్ టు డై' అంటుంది. ఈజ్ ముందు హు చేర్చుకోవాలి. ఇప్పుడు కర్మ స్థానంలోని దట్‌ని మాత్రమే వదిలేస్తాం. అప్పుడు కర్త స్థానంలోనిదీ వదిలేసేవారు.

'ఆర్ ఫ్లెడ్' కర్మణి కాదు. రావడం, పోవడం, పారిపోవడం, పెరగడం లాంటి క్రియలకు ఆ రోజుల్లో హావ్ బదులు బి వాడేవారు. మాక్‌బెత్‌లో రాజకుమారులిద్దరూ 'ఆర్ స్టోలెన్ అవే అండ్ ఫ్లెడ్' అంటే చడీచప్పుడు లేకుండా జారుకున్నారు, పారిపోయారు అని. వాళ్లను ఎవరూ దొంగిలించలేదు. పరీక్ష తేలికే: 'బై' పెట్టి చేసినవాణ్ని చేర్చగలరా? 'పారిపోబడ్డారు' అనలేం కదా. అయితే హావ్ వేసి చదవండి.

'బి', 'వర్' సంగతి. 'ఇఫ్ మ్యూజిక్ బి ద ఫుడ్ ఆఫ్ లవ్' అన్నప్పుడు బి అంటే, సంగీతం ప్రేమకు ఆహారమో కాదో తేల్చకుండా 'అయితే గనక' అనడం. 'లాంగ్ లివ్ ద కింగ్' అన్నచోట లివ్స్ రాకపోవడం మన 'వర్ధిల్లుగాక'లోని గాక. వర్ అంటే గతం కాదు, ఊహ. మాక్‌బెత్ 1వ అంకం 7వ రంగం: 'ఇఫ్ ఇట్ వర్ డన్ వెన్ టిజ్ డన్, దెన్ ట్వర్ వెల్ / ఇట్ వర్ డన్ క్విక్లీ.' ట్వర్ అంటే ఇట్ వుడ్ బీ. మూడు డన్‌లు ఉన్నాయి, మొదటిది వేరు, తక్కిన రెండూ వేరు. మొదటిది 'అయిపోవడం', తక్కినవి 'చెయ్యడం'. చెయ్యడంతోనే అయిపోయేదైతే తొందరగా చేసెయ్యడమే మంచిది. హత్య చెయ్యడం సులువే, దాంతో అది ముగిసిపోదన్నదే అతని భయం. మొదటి డన్‌ని 'చెయ్యడం' అని రాసినవాళ్లకు ఆ స్వగతం మొత్తం అర్థం కాకుండా పోతుంది.

ఒక్క మాట. జూలియస్ సీజర్‌లో 'మోస్ట్ అన్‌కైండెస్ట్' చూసి, రెండేసి నాట్‌లు చూసి 'షేక్స్‌పియర్ తప్పు రాశాడు' అనే పిల్లలుంటారు. ఆ వాడుకలన్నీ అప్పుడు ఒప్పులే. వాటిని తప్పుపట్టిన వ్యాకరణాలు పద్దెనిమిదో శతాబ్దంలో వచ్చాయి, రాబర్ట్ లౌత్ పుస్తకం 1762లో. వాడుకను బట్టి వ్యాకరణం ఉండాలని గిడుగు రామమూర్తి పంతులు గారు మీ పర్లాకిమిడిలోనే ఉండి వాదించారు. ఆ ఊరి పిల్లలకు ఈ సంగతి చెప్పడం కష్టం కాకూడదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

ఇద్దరికీ ధన్యవాదాలు. రంగుల పెన్సిళ్లు, క్రియ కింద రెండు గీతలు రేపటి పాఠంలోనే పెడతాను. ఇంకో సందేహం. ఒకే పాత్ర ఒకే పంక్తిలో క్రియల చివర 'ఎత్' అనీ 'స్' అనీ రెండు రకాలుగా అంటుంది. అర్థంలో తేడా ఉందా? అక్కర్లేనిచోట డూ ఎందుకొస్తుంది, కావలసినచోట ఎందుకు రాదు?

నాగావళి (రాయగడ)

అర్థంలో తేడా లేదు. 1600 ప్రాంతానికి లండన్ మాటల్లో 'స్' గెలిచింది, 'ఎత్' గంభీరమైన రాతల్లో నిలిచింది. 1611 బైబిల్‌లో 'ఎత్' తప్ప 'స్' కనపడదు. హాత్, డత్ (ఇప్పటి హాజ్, డజ్) మాత్రం మాటల్లోనూ ఇంకొంతకాలం బతికాయి. కవికి దీనివల్ల ఒక సౌకర్యం: డ్రాప్స్ ఒక్క అక్షరం, డ్రాపెత్ రెండు. (ఇక్కడ అక్షరమంటే ఒక్క ఊపులో పలికే ముక్క.) ఛందస్సుకి ఏది కావాలంటే అది.

మర్చంట్ ఆఫ్ వెనిస్ 4వ అంకంలో పోర్షియా మాటలు లెక్కపెట్టించండి. 'ఇట్ డ్రాపెత్ ఆజ్ ద జెంటిల్ రెయిన్ ఫ్రమ్ హెవెన్.' హెవెన్‌ని ఒకే అక్షరంగా పలికితే పంక్తికి కావలసిన 10 అక్షరాలు వస్తాయి. డ్రాప్స్ పెడితే 9, పంక్తి కుంటుతుంది. రెండు పంక్తుల తర్వాత 'ఇట్ బ్లెసెత్ హిమ్ దట్ గివ్స్ అండ్ హిమ్ దట్ టేక్స్.' ఇక్కడ గివెత్, టేకెత్ అంటే 12 అయిపోతాయి, అందుకే స్. కానీ బ్లెసెత్ బదులు బ్లెసెస్ పెట్టినా రెండక్షరాలే, లెక్క చెడదు. అంటే ఆ ఒక్కచోట ఎత్‌ని ఛందస్సు కోరలేదు. దయ గురించి చెప్పే మాటకు ప్రార్థన గంభీరత తెచ్చేందుకు ఎంచుకున్నదే. ఎత్ కనిపించిన ప్రతిచోటా 'ఛందస్సు కోసం' అని రాసేయకుండా, స్ పెట్టి లెక్కచూసి రాయమనండి.

డూ కూడా అంతే. 18వ సానెట్‌లో 'రఫ్ విండ్స్ డూ షేక్ ద డార్లింగ్ బడ్స్ ఆఫ్ మే' అన్నప్పుడు డూలో నొక్కి చెప్పడం లేదు. ఇప్పటి అలవాటుతో 'నిజంగా ఊపుతాయి' అని రాస్తే తప్పు. ఊపుతాయి, అంతే. దీనికి భిన్నంగా, ప్రశ్నలోనూ కాదనడంలోనూ డూ లేకుండా గడిచిపోయేది. 'గోస్ ద కింగ్ హెన్స్ టుడే?' అంటే రాజుగారు ఇవాళ వెళ్తున్నారా? 'ఐ నో నాట్' అంటే తెలియదు. క్రియ తానే ముందుకొచ్చి ప్రశ్న వేస్తుంది, తానే నాట్‌ని మోస్తుంది. డూ ఉన్న పద్ధతీ అప్పటికే వాడుకలో ఉంది, రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి.

ఛందస్సు చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త. మన పిల్లలు గురువు, లఘువు గుర్తులు వేసేస్తారు. అవి పలకడానికి పట్టే కాలాన్ని కొలుస్తాయి. ఇంగ్లిష్ పంక్తి కొలిచేది ఊనికను. దీర్ఘం కనిపించినచోటల్లా గురువు వేస్తే 'డూ' మీద, 'ద' తర్వాతి చిన్న మాటల మీద లెక్క తప్పుతుంది. తేలిక, బరువు అని ఐదు జతలు చప్పట్లతో కొట్టించండి, గుర్తులు తర్వాత.

'ఎడ్' ఎప్పుడు పలకాలో కూడా ఆ 10 చెబుతుంది. రోమియో 3వ అంకం 3వ రంగంలో ఒకే పంక్తిలో రెండు రకాలూ ఉన్నాయి: 'హెన్స్ బానిషెడ్ ఈజ్ బానిష్ట్ ఫ్రమ్ ద వరల్డ్.' మొదటిది మూడక్షరాలు, రెండోది రెండు. రెండూ ఒకేలా పలికితే పంక్తి 9కో 11కో పోతుంది. పలకాల్సిన ఎడ్ మీద ఇప్పటి ముద్రణలు కొన్ని చిన్న గీత వేస్తాయి, కొన్ని వెయ్యవు. వెయ్యని పుస్తకం చేతిలో ఉంటే వేళ్ల మీద లెక్కపెట్టుకోవాల్సిందే.

వంశధార

పాఠకురాలు గారికి ఒక చేర్పు. నాటకాల్లో దౌ, యూ మారితే కారణం వెతకాలి, నిజమే. సానెట్లలో మాత్రం అంత పట్టుబట్టకండి. 18వ సానెట్‌లో స్నేహితుణ్ని దౌ అన్న కవి, 104వ దానిలో 'టు మీ, ఫెయిర్ ఫ్రెండ్, యూ నెవర్ కెన్ బి ఓల్డ్' అంటాడు. రెండింటిలోనూ అభిమానం ఒక్కటే. అక్కడ ప్రాస, నాదం కూడా పనిచేస్తాయి. యూ ఉంది కాబట్టి స్నేహం చల్లారిందని రాయించకండి.

ఇక అడుగున అర్థం ఇవ్వని మాటలే అసలు ప్రమాదం. పిల్లలకు తెలిసిన మాటలే కాబట్టి ఎవరూ వెతకరు. ప్రెజెంట్లీ అంటే వెంటనే, కాసేపాగి కాదు. స్టిల్ అంటే ఎప్పుడూ. డౌట్ అంటే ఉందేమోనని అనుమానపడటం. హామ్లెట్ 'ఐ డౌట్ సమ్ ఫౌల్ ప్లే' అంటే ఏదో కుట్ర ఉందని అతని అనుమానం, లేదని సందేహం కాదు. లెట్‌కి 'అడ్డుకోవడం' అనే అర్థం కూడా ఉండేది, ఇప్పటి అర్థానికి సరిగ్గా ఎదురు. తండ్రి దయ్యం వెంట పోనివ్వకుండా పట్టుకున్నవాళ్లతో హామ్లెట్ 'ఐల్ మేక్ ఎ గోస్ట్ ఆఫ్ హిమ్ దట్ లెట్స్ మి' అంటాడు, నన్ను ఆపినవాణ్నే దయ్యం చేసేస్తానని. వేర్‌ఫోర్ అంటే ఎందుకు, ఎక్కడ కాదు. జూలియట్ 'వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో' అన్నప్పుడు రోమియో కింద తోటలోనే ఉన్నాడు, ఆమెకు తెలియదు, ఆమె వెతకడమూ లేదు. పగవాళ్ల ఇంటి పేరు మోసే రోమియోవే ఎందుకయ్యావు అని బాధపడుతోంది. తర్వాతి పంక్తుల్లో మాటంతా పేరు గురించే కావడమే రుజువు.

వ్యాకరణంలోనూ ఇలాంటివి రెండున్నాయి. ఇట్స్ అప్పటికి కొత్త రూపం, కాబట్టి ప్రాణం లేనివాటికీ హిజ్ వాడతారు. 'హౌ ఫార్ దట్ లిటిల్ క్యాండిల్ త్రోస్ హిజ్ బీమ్స్' అన్నప్పుడు హిజ్ కొవ్వొత్తిదే, పక్కన ఇంకో మగమనిషిని వెతకొద్దు. రెండోది మీ. టేమింగ్ ఆఫ్ ద ష్రూ 1వ అంకం 2వ రంగంలో పెట్రూకియో తలుపు ముందు నిలబడి నౌకరుతో 'నాక్ మి హియర్ సౌండ్‌లీ' అంటాడు. నా కోసం ఇక్కడ గట్టిగా తట్టు అని. నౌకరు దాన్ని 'నన్ను కొట్టు' అని తీసుకుని, అయ్యగారిని కొట్టడమేమిటని మొరాయిస్తాడు. మీ 'నన్ను'గా కుదరనిచోట 'నాకు' పెట్టి చదివితే సరిపోతుంది.

పుస్తకాల సంగతి అడగలేదు గానీ, ఒక పేజీలో మూలం, ఎదురు పేజీలో అర్థాలు ఉండే ఫోల్జర్ ముద్రణ మీ పనికి బాగుంటుంది. మూలం వరకు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. ఒక్కో వాడుక గురించి లోతుగా కావాలంటే అబ్బాట్ 1869లో రాసిన షేక్స్‌పియర్ వ్యాకరణం ఇప్పటికీ పనికొస్తుంది, అదీ నెట్‌లో ఉచితమే. అది పిల్లలకివ్వకండి, మీ దగ్గర పెట్టుకోండి. పాత ముద్రణల ఫోటోలు చూపిస్తే మాత్రం ముందే చెప్పండి: 1623 ఫోలియోలో (షేక్స్‌పియర్ నాటకాల తొలి సంపుటి) 'దాన్' అని ఉండాల్సినచోట 'దెన్' అని ఉంటుంది, యు బదులు వి, వి బదులు యు ఉంటాయి, మాట మధ్యలో వచ్చే ఎస్ అచ్చంగా ఎఫ్‌లా కనిపిస్తుంది. 'ఏన్' అనే మాట వాక్యం మొదట్లో ఉండి అర్థం కుదరకపోతే 'ఇఫ్' పెట్టి చూడండి. ఫోలియోలో అదే చాలాచోట్ల 'అండ్' అని అచ్చయింది.